రాతివేటు

అబెర్డీన్ నుంచి రాత్రంతా ఓడ.
తెల్లారేసరికి లెర్విక్ రేవులో
బూడిదరంగు ఇళ్ళు నీళ్ళలోకే పునాదులు దింపుకుని
మోకాలిలోతున నిలబడి ఉన్నాయి.

సంచీలో నిలువుగీత కొట్టిన నోటుబుక్కు.
ఎడమవైపు స్కాట్లాండు చట్టం,
కుడివైపు నార్వే పాత ధర్మం.
తులనాత్మక న్యాయశాస్త్రమంటే
అప్పటికి నాకు గడులు నింపడం.

అయిదున్నర శతాబ్దాల కిందట
ఒక రాజు ఈ దీవుల్ని తాకట్టు పెట్టాడు.
విడిపించుకోలేదు.
తాకట్టు వస్తువు మీద పాత యజమాని వేలిముద్రలు
ఎన్నాళ్ళుంటాయి?
ప్రొఫెసరుగారికి ఇంత సూటిగా రాయలేదు గానీ
నా పరిశోధనంతా ఇదే.

ఒస్లా మోవట్‌కి డెబ్భై ఆరేళ్ళు.
నలభై గొర్రెలు, మార్పించుకున్న ఒక మోకాలు,
సముద్రంలోకి జారిపోయే కాస్త నేల.
"దక్షిణాన పోటుగీత దగ్గరే మనిషి ఆస్తి ఆగిపోతుంది,
దాని కిందున్న తడంతా రాజుగారిది.
ఇక్కడ నీళ్ళు ఆటుకి ఎంత వెనక్కి పోతే
అంతదాకా నాది."

అక్కడితో ఆగుతుందా అన్నాను.

"మా అమ్మ లెక్కలో ఆగదు.
ఆటుగీత మీద నిలబడి రాయి విసిరితే
అది పడ్డచోటు దాకా."

నా భాషలో కూతవేటు దూరమంటారు.
గొంతే కొలబద్ద.
గాలి కలిసొస్తే పక్క ఊరు దగ్గరవుతుంది.
అది నోటుబుక్కులో రాయలేదు. రాసింది ఇది:
ఎంత రాయి? ఎవరి చెయ్యి? గాలి ఎటు?
ఒస్లా తొంగిచూసి
"అప్పుడే ఫీజు అడిగేట్టున్నావు" అంది.

ఫీజు అడిగే మనిషి గిడియన్ ఇంక్‌స్టర్.
ఆఫీసు కిటికీకి ఉప్పు పేరుకుంది.
"కోర్టు రాళ్ళని లెక్కలోకి తీసుకోదు.
సముద్రపు అడుగు ఎవరిదో ఎప్పుడో తేల్చేశారు.
ఆటుగీత దాకా ఒప్పుకుంటారు,
చాలావరకు, ఇప్పటివరకు."

అయితే పాత ధర్మం చచ్చిపోయినట్టేనా?

టీలో పాలు పోసుకుంటూ
"చచ్చిపోతే నేను బతికేదెలా?" అన్నాడు.

మర్నాడు అమావాస్య ఆటు.
నాచు దుప్పటి కింద ఎన్నడూ ఎండ చూడని బండలు
సిగ్గుపడుతున్నట్టు మెరిశాయి.
చేపల పెంపకం కంపెనీ తరఫున
రోనల్డ్ ఐస్‌బిస్టర్ వచ్చాడు, కుర్రాడు,
పసుప్పచ్చ కోటు, మూడుకాళ్ళ స్టాండు,
ఆకాశంలో ఉపగ్రహాలని అడిగి
అంగుళాలతో సహా హద్దు చెప్పే పెట్టె.

దాన్ని ఇంకా ఆన్ చెయ్యలేదు.
వంగి ఓ గుండ్రాయి ఏరుకున్నాడు,
చేతిలో ఒకసారి తూచాడు,
విసిరాడు.
అది మునిగినచోటు వలయాలు చెదిరేదాకా చూసి
అప్పుడు బటన్ నొక్కాడు.

ఎందుకు విసిరావు?
"ఊరికే."

ఊరికే!
ఏ గడిలో వెయ్యను దీన్ని?
ఏ శాసనసభా చెయ్యలేదు, ఏ తీర్పూ కొట్టెయ్యలేదు.
జీతమిచ్చే కంపెనీది ఒక చట్టం,
భుజానికి తెలిసింది ఇంకోటి,
మధ్యన నా నిలువుగీత
తడిసి ఉబ్బిన కాగితం మీద అలికిపోతోంది.

ఒస్లా కూడా ఒకటి విసిరింది.
వాళ్ళమ్మ రాయి తగిలేదన్న నల్లబండకి
చాలా ఇవతలే పడింది.
"తగ్గిపోయింది" అంది.
నేలో, చెయ్యో
నేను అడగలేదు.

తిరుగు ఓడలో ఊపుకి పెన్ను నిలవలేదు.
గడులు వదిలేసి పేజీకి అడ్డంగా రాసుకుంటూ పోయాను.
నీటి మీద రాతంటే నిలవనిదని కదా మన మాట.
ఇక్కడ రోజుకి రెండుసార్లు చెరిపేసి
రెండుసార్లు తిరగరాస్తుంటేనే
ఇన్నాళ్ళు నిలిచింది.
ఇది మరీ అందంగా ఉంది,
ప్రొఫెసరుగారు కొట్టేస్తారు.

కోటు జేబులో చెయ్యి పెడితే రాయి.
విసరమని ఒస్లా ఇచ్చింది,
నాకు అక్కడ నేల లేదని విసరలేదు.

ఫుట్‌నోటు నలభై ఒకటి:
రాయి బరువు ఎక్కడా పేర్కొనలేదు.